నోటీసు బోర్డుకు అద్దం

బోర్డు మీద నోటీసు లేదు.

నాలుగు గుండుసూదులు మాత్రం ఉన్నాయి, నాలుగు మూలలా, గుచ్చిన చోటే. వాటి మధ్య కాగితమంత మేర ఖాళీ. ఎడమ పక్క పాత సామాన్ల వేలం ప్రకటన, కుడి పక్క ఇద్దరు నర్సుల పెళ్ళి నోటీసు చెక్కు చెదరకుండా ఉన్నాయి.

అద్దాలక్క భుజం మీది సంచి కింద పెట్టింది. అందులో గాజు కోసే కలం, టేపు, లప్పం డబ్బా ఉన్నాయి. పొద్దున్నే ఆ నర్సుల ఇంటికే వెళ్ళి వచ్చింది. వాళ్ళ వీధి కిటికీని ఎవరో రాయి పెట్టి కొట్టారు. ముప్పై ఏళ్ళుగా అద్దాలు బిగిస్తున్న మనిషికి పగిలిన కిటికీ అంటే ఒక పని. కొలిచింది, కోసింది, బిగించింది, చేతులు కడుక్కుని ఇటు వచ్చేసింది.

"బాబాయ్, మళ్ళీ పోయింది," అంది, వరండాలో స్టూలు మీద కూర్చున్న అటెండరుతో.

అటెండరు కళ్ళజోడు సవరించుకుని బోర్డు వైపు చూశాడు. "శనివారం సాయంత్రం ఉందమ్మా. రిజిస్టర్లో టిక్కు కూడా పెట్టాను. ఇవాళ వచ్చేసరికి లేదు. లేదని రాశాను."

"లేదని ఎందుకు రాశారు?"

"మీరే కదమ్మా అర్జీ పెట్టింది, రోజూ చూసి రాయాలని."

నిజమే. తమ్ముడి పెళ్ళి మొదటి నోటీసు పదకొండో రోజున మాయమైనప్పుడు నాలుగు పేజీల అర్జీ పెట్టింది ఆమే. బోర్డు మీద ఏముందో ఏం లేదో రోజూ ఒకరు చూసి రాయాలని పట్టుబట్టింది. ఆ ఆఫీసులో ఆమె గెలిచిన పని అదొక్కటే. ఇప్పుడు ఆ రిజిస్టరే ఆమె మొహాన కొట్టింది.

రెండేళ్ళ క్రితం చట్టం వచ్చింది, పెద్దవాళ్ళయిన ఏ ఇద్దరైనా, మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా, పెళ్ళి చేసుకోవచ్చని. దానికోసం ఆమె షాపులో సంతకాల పుస్తకం పెట్టింది. అద్దం కొందామని వచ్చిన ప్రతివాడి ముందుకూ దాన్ని తోసింది. కొందరు సంతకం పెట్టారు, కొందరు అద్దం కొనకుండానే వెళ్ళిపోయారు. చట్టమైతే మారింది కానీ దాని వెనక నిబంధన మారలేదు. ఇద్దరి పేర్లు, చిరునామాలతో నోటీసు ముప్పై రోజులు ఆగకుండా బోర్డు మీద ఉండాలి. ఒక్కరోజు లేకపోయినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

లోపల రిజిస్ట్రారు ఆమెను చూడగానే కుర్చీ చూపించాడు. మర్యాదకు ఎప్పుడూ లోటు చెయ్యడు. ఆమెకు చిరాకు తెప్పించేది కూడా అదే.

"నాకు మీ తమ్ముడంటే కోపమా చెప్పండి. మా అమ్మాయికి పరుగుపందెం నేర్పింది ఆయనే. కానీ రూలు రూలే కదమ్మా. కొత్త నోటీసు పెట్టుకోండి."

"మూడోసారి పెడతాను సార్. నాలుగోసారి పెట్టడానికి టైము లేదు. మా తమ్ముడు చేసుకోబోయే అతనికి ఇక్కడ ఉండే పర్మిట్టు ఇంక ముప్పైనాలుగు రోజులే ఉంది, ఆలోగా పెళ్ళయితేనే ఉండనిస్తారు. గురువారం సాయంత్రం లోపల నోటీసు ఎక్కితేనే లెక్క సరిపోతుంది. ఎక్కలేదో, అతన్ని సరిహద్దు అవతలి శిబిరానికి పంపేస్తారు. అక్కడినించి మనిషి తిరిగి రాడు. ఉత్తరం కూడా రాదు."

"నాకు తెలుసమ్మా. చాలా బాధగా ఉంది."

"మీ బాధ నాకొద్దు సార్. బోర్డుకి అద్దం కావాలి, తాళం కావాలి."

రిజిస్ట్రారు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "అద్దానికి మంజూరు కావాలి. పై ఆఫీసుకి రాస్తే ఆరు వారాలు."

"నేనే వేస్తాను. ఊరికే."

"ఊరికే ఇస్తే విరాళం అవుతుంది. విరాళానికి అర్జీ ఉండాలి."

ఆమె అక్కడే, ఆ బల్ల అంచు మీదే అర్జీ రాసింది. తేదీ వెయ్యలేదన్నాడు, వేసింది. అద్దం మందం రాయలేదన్నాడు, రాసింది. పాత చెక్కకు నష్టం జరిగితే బాధ్యత ఎవరిదన్నాడు. "నాది" అని రాసి, కింద గీత గీసి సంతకం పెట్టింది. గుమస్తా దాని మీద ముద్ర వేసేసరికి గంటన్నర పట్టింది. ముద్ర సరిగ్గా పడలేదని ఇంకోటి కూడా వేశాడు.

బయటికొచ్చి టేపు తీసి బోర్డు కొలిచింది. వెడల్పు మూడడుగుల నాలుగంగుళాలు, ఎత్తు రెండడుగుల ఏడు. చేతి మీద రాసుకుంది. అటెండరు టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"ఎవరు తీస్తున్నారంటారు బాబాయ్?"

"ఎవరో ఫోన్లు పట్టుకుని వస్తుంటారమ్మా ఇద్దరు. ఈ పెళ్ళిళ్ళు గిట్టని సంఘం వాళ్ళు. బోర్డు ఫొటో తీసుకుని పోతారు. చిరునామాలు కావాలిగా వాళ్ళకి."

"వాళ్ళే అయ్యుంటారు."

"ఏమో మరి. వాళ్ళయితే పరపరా చింపుతారు. గుండుసూదులు మళ్ళీ గుచ్చి పోరు."

ఆ మాట ఆమె చెవిన పడింది కానీ ఆగి ఆలోచించలేదు. మనసు అప్పటికే చెక్కపట్టీల లెక్కలో ఉంది.

*

మంగళవారం పొద్దున షాపు బల్ల మీద గోనెపట్టా పరిచి, గాజు పలక పడుకోబెట్టారు. ఇటు అద్దాలక్క, అటు కొలతయ్య.

ఆ పేరు ఆమె పెట్టిందే. నాలుగేళ్ళ క్రితం సరిహద్దు దాటి వచ్చి పనిలో చేరిన మొదటి రోజే, అరచేతి వెడల్పు అద్దాన్ని మూడుసార్లు కొలిచాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ఎడమచేతి వాటం. ఇక్కడి భాష పుస్తకం చూసి నేర్చుకోవడం వల్ల అందరినీ మీరు అనే అంటాడు. షాపు పిల్లి గోనెపట్టా మీదికి ఎక్కింది.

"మీరు అక్కడినించి లేవాలండి. గాజు పెచ్చులు ఉన్నాయి," అన్నాడు దానితో.

"దానికి కూడా పర్మిట్టు అడుగుతావేంటి," అంది అద్దాలక్క. అతను నవ్వలేదు. రోజూ నవ్వేవాడు.

అతను కొలిచాడు. రెండోసారి కొలిచాడు. గీత పెట్టాడు. కలం కొసను కిరోసిన్ గుడ్డకు తుడిచి, కొయ్య స్కేలు ఆనించి ఒక్క లాగు లాగాడు. గాజు సన్నగా కీచుమంది. బల్ల అంచుకు జరిపి, రెండు బొటనవేళ్ళతో నొక్కగానే పలక టక్కుమని విడిపోయింది. దారం పెట్టి కోసినట్టుంది అంచు.

అద్దాలక్క దాన్ని చెక్కచట్రంలో పెట్టి చూసింది. పైన అంగుళం ఖాళీ.

"పొట్టిగా ఉంది."

అతను కలాన్ని గుడ్డకు తుడుస్తున్నాడు.

"కొలతయ్యా, అంగుళం పొట్టిగా ఉంది. నాలుగేళ్ళలో ఎప్పుడైనా నువ్వు దారమంత తప్పావా?"

"తప్పయింది అక్కగారూ."

"ఆ మందంలో ఇంకో పలక లేదు. రేపు పొద్దున బండి వస్తే గానీ రాదు. ఒక రోజంతా పోయింది." గొంతు పెరుగుతోందని ఆమెకే తెలిసింది. తగ్గించుకుంది. "సరేలే. నీ టెన్షను నీది."

అప్పుడే తమ్ముడు వచ్చాడు. బడిలో డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల వేలాడుతూనే ఉంది. వస్తూనే ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, కొలతయ్య వైపు చూసి, "ఏంటి మొహం అలా ఉంది? పెళ్ళికొడుకువి కదా," అన్నాడు.

"మీరూ పెళ్ళికొడుకే కదండీ."

"నేను రోజూ గ్రౌండు చుట్టూ పరిగెడుతూనే ఉన్నా. మొదలుపెట్టిన చోటే ఉన్నా. అక్కా, ఇవాళ స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగేశా, ఎవరైనా ఆ నోటీసు చింపారా అని."

"ఎవరడగమన్నార్రా నిన్ను?"

"దాచడమెందుకు? నాకు దాచడం చేతకాదు."

"అదే నీ రోగం," అంది అద్దాలక్క. వాడికి చిన్నప్పుడు కూడా అబద్ధం చేతనయ్యేది కాదు. పక్కింటి జామకాయ కోసి, వాళ్ళకే చూపించి మరీ తినేవాడు.

ఆమె సంచిలోంచి కొత్త దరఖాస్తు తీసింది. పాతదాంట్లోంచి ఒక్కో గడీ ఎక్కించి రాత్రే నింపేసింది. తమ్ముడు చదవకుండానే సంతకం గీకాడు. కొలతయ్య కాగితం తీసుకుని వెలుతురు వైపు తిరిగి మొదటి నుంచి చదివాడు. తన పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, పర్మిట్టు నంబరు. నివాసం: వంతెన వీధి, ఏడో నంబరు ఇల్లు. అక్కడ ఆగాడు. పెన్ను ఆగింది.

"అక్కగారూ, ఒక మాట..."

షాపు ఫోను మోగింది. గాజు బండివాడు. "రేపు ఎనిమిదికల్లా నా గుమ్మం ముందుండాలి, ఉండకపోతే నీ బండి కిందే పడుకుంటాను," అని అతనితో చెబుతూ, రెండో చేత్తో కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ. త్వరగా పెట్టు."

అతను పెట్టాడు.

*

బుధవారం మధ్యాహ్నానికి బోర్డుకు తలుపు అమరింది. టేకు చట్రం, మధ్యలో గాజు పలక, పక్కన బందులు, కింద తాళం. పలక ఈసారి ఆమే కోసింది. చట్రంలో దాన్ని నిలిపే సన్న పట్టీలు మాత్రం కొలతయ్య కొట్టాడు. మేకు దిగేటప్పుడు చెక్క చీలకుండా, ప్రతి మేకు మొననూ ముందు సుత్తితో ఒక్క దెబ్బ వేసి మొద్దు చేసుకుంటాడతను. అది వాళ్ళ నాన్న దగ్గర నేర్చిన పద్ధతి. ఆ ఊళ్ళో మరెవరూ అలా చెయ్యరు.

"పట్టీ బయటి వైపుకి కొట్టావేం?" అంది ఆమె. "లోపలికి కదా కొట్టాలి."

"లోపలికి కొడితే కాగితాలకు ఒరుసుకుంటుందండి."

కాగితాలకు, పట్టీకి మధ్య రెండంగుళాల జాగా ఉంది. అది ఆమె చూసింది కూడా. కానీ నాలుగు కావస్తోంది, గుమస్తా కుర్చీలోంచి లేవబోతున్నాడు, నోటీసు మీద ముద్ర ఇంకా పడలేదు. వదిలేసింది.

నాలుగున్నరకు నోటీసు గాజు వెనక చేరింది. తాళం పడింది. ప్రభుత్వ బోర్డు తాళంచెవి బయటివాళ్ళ దగ్గర ఉండకూడదన్నాడు రిజిస్ట్రారు. కాబట్టి ఒక్కటే చెవి, అది అటెండరు మొలతాడుకు వేలాడింది. అద్దాలక్క చేతిగుడ్డతో గాజు మీది వేలిముద్రలన్నీ తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ఎన్నాళ్ళకో ఒక పని పూర్తయినట్టనిపించింది.

"అమ్మా, ఇందులో నా మొహం బాగా కనిపిస్తోంది. ఇకమీదట గెడ్డం ఇక్కడే గీసుకుంటా," అన్నాడు అటెండరు.

"గీసుకోండి బాబాయ్. నోటీసు మీద నురగ పడకుండా చూసుకోండి."

కొలతయ్య సామాను సర్దుతూ, తల తిప్పి, గాజు వెనక్కి ఒకసారి చూశాడు. తన పేరున్న చోటికి కాదు, ఇంకా కింది వరుసకి.

*

గురువారం తొమ్మిదింబావుకు షాపు ఫోను మోగింది. అవతల అటెండరు.

"ఒకసారి రండమ్మా."

తాళం వేసినట్టే ఉంది. గాజు పగల్లేదు. చట్రం చెక్కుచెదరలేదు. వేలం ప్రకటన ఉంది, నర్సుల నోటీసు ఉంది. మధ్యది లేదు.

రిజిస్ట్రారు వరండాలోకే వచ్చి నిలబడ్డాడు. ఆయన అలా బయటికి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "తాళం వేసిన బోర్డు. చెవి నీ దగ్గరే ఉంది. ఇంకెవరు తీస్తారు?" అన్నాడు అటెండరుతో, గొంతు పెంచకుండా. "మధ్యాహ్నంలోపు మెమో ఇస్తాను. జవాబు రాసుకో."

"పదకొండు నెలల్లో రిటైరవుతున్నాను సార్. ఇప్పుడు మెమో అంటే..."

"రూలు కదా."

అద్దాలక్కకు వాళ్ళ మాటలు దూరంగా వినిపిస్తున్నాయి. ఆమె బోర్డుకు మొహం ఆనించి కింది పట్టీ చూస్తోంది. నిన్న ఆ పట్టీకి మూడు మేకులు. ఇవాళ కూడా మూడే. కానీ ఒక్కో మేకు పక్కనా నలుసంత దూరంలో ఇంకో చిల్లు, దాని మీద లప్పం. లప్పం ఇంకా పచ్చిగా ఉంది. బొటనవేలితో నొక్కి ఎడమకు తుడిచిన గీత దాని మీద తేలి ఉంది. కుడిచేత్తో పని చేసేవాళ్ళ గీత అటు పోదు.

కిందికి వంగింది. సిమెంటు నేల మీద ఒక మేకు పడి ఉంది, దిగేటప్పుడు వంగిపోతే పక్కన పడేసింది. తీసి మొన మీద వేలు పెట్టింది. మొద్దుగా తగిలింది.

పట్టీ ఊడదీసి, పలక కిందికి జార్చి, కాగితం తీసి, పలక ఎక్కించి, పట్టీ కొట్టి, లప్పం పూసి వెళ్ళారు. ఎంత శుభ్రంగా చేశారంటే, కూలి ఇవ్వాలనిపించేంత శుభ్రంగా.

మేకు గుప్పిట్లో పెట్టుకుంది.

"సార్," అంది. "మెమో ఇవ్వకండి. తప్పు నాది."

"మీదేంటమ్మా?"

"పట్టీ లోపలి వైపు కొట్టాలి. బయటికి కొట్టాం. సుత్తి, ఉలి ఉన్నవాళ్ళెవరైనా తాళం జోలికి పోకుండా పలక తియ్యొచ్చు. తీశారు. పనే సరిగ్గా లేదు."

"ఆ మాట రాసిస్తారా?"

రాసిచ్చింది. నేను బిగించిన అద్దంలో లోపం ఉంది, దానికి అటెండరు బాధ్యుడు కాడు అని. ముప్పై ఏళ్ళలో తన పని బాగాలేదని ఒకరు అనడమే ఆమె ఎరగదు. ఇప్పుడు తన చేత్తోనే రాసి, తేదీ వేసి ఇచ్చింది. రిజిస్ట్రారు చదువుకుని, "మీ షాపులో అన్నీ ఇలాగే బిగిస్తారా అమ్మా?" అన్నాడు. వెటకారమో, నిజంగా అడిగాడో తెలీలేదు.

"ఇవాళ ఎన్నింటిదాకా ఉంటారు సార్?"

"అయిదు. అయిదు దాటితే రేపటి తేదీ పడుతుంది."

*

కొలతయ్య బల్ల దగ్గర గుండ్రటి అద్దానికి అంచు పడుతున్నాడు. అద్దాలక్క లోపలికొచ్చి గుప్పిట విప్పింది. మేకు బల్ల మీద దొర్లి అతని చేతి దగ్గర ఆగింది.

అతను దాన్ని చూశాడు. ఆకురాయి కింద పెట్టాడు.

"నాదేనండి," అన్నాడు. "మూడుసార్లూ నేనే."

రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. షాపు నిండా వేలాడే అద్దాల్లో, ఎటు చూసినా వాళ్ళిద్దరే ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"నీకు ఈ పెళ్ళి వద్దా?"

"మొదటి రోజు నుంచీ కావాలండి. కాగితం తీసిన రోజు కూడా కావాలి."

"మరి?"

"వంతెన వీధి ఇంట్లో నేను కాక పదకొండు మంది ఉన్నారు అక్కగారూ."

"రెండు గదుల ఇల్లు కదా అది."

"వంతులేసుకుని పడుకుంటాం. వాళ్ళెవరికీ పర్మిట్టు లేదు. ఇద్దరు చంటిపిల్లలు. బోర్డు చూసి నా కోసం ఎవరో వస్తారు. రాయి వేస్తారో, తలుపు కొడతారో. తలుపు తీసేది వాళ్ళు. పోలీసులొస్తే మొదట లెక్కపెట్టేదీ వాళ్ళనే." గొంతు ఎక్కడా పెరగలేదు. కొలతలు చదువుతున్నట్టు చెబుతున్నాడు. "మొదటిసారి తీసినప్పుడు, ఇంక బోర్డు మానేసి వేరే దారి చూస్తారనుకున్నాను. మీరు రిజిస్టరు పెట్టించారు. రెండోసారి తీశాను. మీరు అద్దం పెట్టించారు. మీరు ఆగరు కదండీ."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నాను. ఎవరికీ చెప్పనని వాళ్ళకు మాటిచ్చాను కదా, ఎలా చెప్పాలా అని..." ఆగాడు. "మీరు అడగలేదండి. సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

ఆమెకు పట్టలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తేలలేదు. రెండు నెలలుగా గుమస్తా మీద అరిచింది, ఫోన్లు పట్టుకుని తిరిగేవాళ్ళను తిట్టుకుంది, రిజిస్ట్రారు బల్ల మీద చెయ్యి చరిచింది. శరణార్థుల పర్మిట్ల కోసం ఆ ఆఫీసు మెట్ల మీద నినాదం రాసిన అట్ట పట్టుకుని ఎండలో నిలబడింది. నాలుగేళ్ళుగా రోజూ పక్కన నిలబడి పనిచేస్తున్న మనిషిని, నీ ఇంట్లో ఎవరెవరుంటారయ్యా అని ఒక్కసారీ అడగలేదు. నర్సుల ఇంటి కిటికీ గుర్తొచ్చింది. చట్రం ఎంతని అడిగింది, గాజు ఏ రకం కావాలని అడిగింది. రాయి ఎలా వచ్చింది, మీ చిరునామా వాళ్ళకెలా తెలిసింది అని అడగలేదు. బోర్డు మీద వాళ్ళ నోటీసు చూసి కూడా.

"వాడికి తెలుసా?" అంది, తమ్ముణ్ణి ఉద్దేశించి.

"మాస్టారికి చెబితే స్టాఫ్ రూములో చెబుతారండి."

నవ్వు రాబోయి ఆగిపోయింది. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఆమె కుర్చీలో కూలబడి షాపంతా చూసింది. నిలువుటద్దాలు, చేతి అద్దాలు, గోడవారగా పేర్చిన గాజు పలకలు. వీధి వైపు ఎనిమిదడుగుల ఒంటి పలక, షాపు తెరిచిన ఏడాది నలుగురు మోసుకొచ్చి నిలబెట్టింది. ఇన్నేళ్ళలో దాని మీద గీత కూడా పడలేదు.

తర్వాత లేచింది.

"పై గదిలో ఏమున్నాయి?"

"పాత ఫ్రేములు, నిలువుటద్దాలే కదండీ."

"కిందికి దింపు. నువ్వు ఇవాళ్టి నుంచి అక్కడుంటున్నావ్. మాటవరసకి కాదు, నిజంగా. పెట్టె తెచ్చుకో, పరుపు తెచ్చుకో. నివాసం గడిలో ఈ షాపు నంబరు రాస్తాను."

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. వీధి వైపు పలకను చూశాడు.

"అక్కగారూ, వద్దండి. షాపంతా గాజే."

"నాకు తెలీదా? నేనే కోశాను."

*

ఒంటిగంటకు డ్రిల్లు మాస్టారు కొలతయ్య రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు. "ఉన్నట్టుండి ఇల్లెందుకు మారుతున్నాడక్కా?" అని రెండుసార్లు అడిగాడు.

"పొద్దున్నే షాపు తెరవడానికి మనిషి కావాలి."

"అంతేనా?"

"అంతే. ఎవరడిగినా అదే చెప్పు."

"అడక్కపోయినా చెబుతాలే."

"దేవుడా," అంది అద్దాలక్క.

చిరునామా మారితే అటెండరు వచ్చి కళ్ళారా చూసి రాయాలన్నాడు గుమస్తా. మూడింటికి అటెండరు ఆయాసపడుతూ పై గదిలోకి వచ్చాడు. పరుపు, పెట్టె, మేకుకు వేలాడే చొక్కా చూశాడు. దింపడానికి తావులేక మిగిలిపోయిన అయిదారు నిలువుటద్దాలు గోడవార ఉన్నాయి.

"ఎటు తిరిగినా నేనే కనిపిస్తున్నానమ్మా. ఎంతమంది ఉంటున్నారని రాయను?"

"ఒక్కడే బాబాయ్."

"ఒక్కరని రాస్తున్నా." రాసి, కాగితం మడిచి, మెట్ల దగ్గర ఆగాడు. "మెమో ఆపించారు. మరిచిపోను." ఇంకేదో అడగబోయినట్టు కొలతయ్య ఎడమచేతి వైపు చూశాడు. అక్కడ లప్పం మరక ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు ఈమధ్య," అని కిందికి దిగిపోయాడు.

నాలుగింటికి కొత్త నోటీసు మీద ముద్ర పడింది. కొలతయ్య తనే వచ్చి చట్రం దింపి, పట్టీలన్నీ ఊడదీసి, ఈసారి లోపలి వైపుకు కొట్టాడు. పలకను నాలుగు వైపులా మూడుసార్లు కొలిచాడు. నోటీసు గుచ్చింది కూడా అతనే. తన పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు. నివాసం: బజారు వీధి, పన్నెండో నంబరు, అద్దాల షాపు పై గది. నాలుగూ నలభైకి అటెండరు తాళం వేసి రిజిస్టరులో టిక్కు పెట్టాడు. ఒకటో రోజు.

కొలతయ్య సామాను తీసుకుని షాపుకు వెళ్ళిపోయాడు. అద్దాలక్క చేతిగుడ్డతో గాజు తుడుస్తూ ఉండిపోయింది. రేపు పొద్దున గాజు బండివాడికి ఫోను చేసి, ఎనిమిదడుగుల పలక ఇంకొకటి దొరుకుతుందేమో కనుక్కోవాలి. ముందే తెప్పించి పెట్టుకోవడం మంచిది.

వెనక చెప్పుల చప్పుడైంది. ఇద్దరు మగాళ్ళు, చేతిలో ఫోన్లు. ఒకడు ఆమెను పట్టించుకోకుండా బోర్డు ముందు నిలబడి ఫోను ఎత్తాడు. గాజు మీద సాయంత్రం ఎండ పడి తెల్లగా మెరుస్తోంది. వాడు కళ్ళు చిట్లించి అటు వంగాడు, ఇటు వంగాడు. రెండోవాడు, "కింది వరుస రావాలి, చిరునామా," అన్నాడు.

అద్దాలక్క గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. ఎండకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె నీడ గాజు మీద పడింది. దాని వెనక అక్షరాలన్నీ తేటగా పైకి తేలాయి.

"ఇప్పుడు తియ్యండి," అంది. "పన్నెండో నంబరు. తొమ్మిదింటికల్లా తెరిచే ఉంటుంది. నేను గుమ్మం ముందే కూర్చుంటాను."

ఫోను ఎత్తినవాడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఫొటో తీశాడో లేదో ఆమెకు తెలియలేదు. ఆమె మాత్రం, వాళ్ళు మెట్లు దిగి వెళ్ళేదాకా, అక్కడినించి కదల్లేదు.